తీర గస్తీకి రేవు ఎక్కడ కట్టాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గోదావరి డెల్టా తీరంలో గస్తీ బోట్లకు కావలసిన జెట్టీలు, ర్యాంపులు, ఇంధన నిల్వల వంటి ఏర్పాట్ల గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను. ఏ రేవులో ఎన్ని బోట్లు ఉంటాయి, ఏ వేళలో గస్తీ తిరుగుతాయి అని అడిగిన వారు మన్నించాలి. అవి పత్రికలో రాసే విషయాలు కావు.

ప్రశ్న: మన తీరానికి ఎదురుగా ఏ శత్రుదేశమూ లేదు. బంగాళాఖాతం ఆవలి ఒడ్డు ఎక్కడో ఉంది. అలాంటప్పుడు కోనసీమ పల్లెల్లో సరిహద్దు భద్రత పేరుతో పోలీసు స్టేషన్లు, జెట్టీలు ఎందుకు? అదంతా నేవీ చూసుకోదా?
— ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: సముద్రపు సరిహద్దుకు ఎదురు ఒడ్డున ఎవరున్నారన్న దానితో పని లేదు, మాస్టారూ. తీరరేఖ నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా ఉన్న నీరు మన ప్రాదేశిక జలం. 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే 370 కిలోమీటర్ల దాకా చేపల మీదా చమురు, గ్యాసు నిక్షేపాల మీదా హక్కు మనది. ఈ హద్దులను నిర్ణయించింది 1976 నాటి చట్టం. ఆ నీటి మీద కంచె వేయలేము, చెక్‌పోస్టు పెట్టలేము. బోటు వేసుకుని తిరగడం ఒక్కటే మార్గం.

నేవీ చూసుకుంటుంది గాని, యుద్ధనౌకకు లోతైన నీరు కావాలి. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసిన పదిమంది కరాచీ నుంచి బయలుదేరి, దారిలో ‘కుబేర్’ అనే మన చేపల బోటును పట్టుకుని, దాంట్లోనే ముంబయి దరిదాపులకు వచ్చి, చివరి కాస్త దూరం గాలి నింపిన చిన్న పడవలో దాటి మత్స్యకారుల కాలనీ పక్కన ఒడ్డెక్కారు. అంత లోతు లేని నీటిలో, అన్ని చేపల బోట్ల మధ్య ఒక బోటును గుర్తుపట్టడం పెద్ద నౌకకు సాధ్యమయ్యే పని కాదు. ఆ దాడి తరవాత, 2009లో, సముద్ర భద్రత మొత్తానికి నౌకాదళాన్ని బాధ్యురాలిని చేశారు, ప్రాదేశిక జలాల్లో తీరభద్రతను కోస్ట్‌గార్డ్‌కు అప్పగించారు, ఒడ్డుకు దగ్గరి నీళ్ళను రాష్ట్రాల మెరైన్ పోలీసులకు ఉంచారు. ఈ మూడు వలయాల్లో మీ ఊళ్ళ ముందు కనిపించేది చివరిది.

మెరైన్ పోలీసు పథకం నిజానికి ముంబయి దాడి కంటే ముందే, 2005లో, మొదలైంది. మొదటి దశలో దేశమంతటికీ 73 స్టేషన్లు మంజూరైతే మన రాష్ట్రానికి దక్కినవి ఆరు; వాటిలో డెల్టాకు దగ్గరలో ఉన్నది కాకినాడ పక్కన వాకలపూడి. 2011లో మొదలైన రెండో దశలో మరో 15 కలిశాయి. డెల్టాకు ఇంత శ్రద్ధ దక్కడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఓడలరేవులో, గాడిమొగలో, ఎస్.యానాంలో సముద్రగర్భం నుంచి వచ్చే గ్యాసు, చమురు ఒడ్డుకు చేరే టెర్మినళ్ళు ఉన్నాయి. కాకినాడలో ఓడరేవు ఉంది. సముద్రంలో నిలబెట్టిన వేదికల చుట్టూ 500 మీటర్ల మేర ఎవరూ రాకూడని భద్రతా వలయం ఉంటుంది. వీటన్నిటికీ మధ్య యానాం పుదుచ్చేరి పరిధిలోకి వస్తుంది కాబట్టి, గౌతమి పాయ మీద రెండు ప్రభుత్వాల పోలీసులు ఒకరికొకరు చెప్పుకుని తిరగవలసి వస్తుంది.

రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని మనం చదువుకున్నాం, ఇప్పుడు 1,053 అంటున్నారేమిటని కూడా మీరు అడిగారు. ఒడ్డు పెరగలేదు, కొలత సన్నబడింది. పాత లెక్కలో దూకేసిన కయ్యలను (సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చే సన్న పాయలను), వంపులను కొత్త లెక్కలో చేర్చారు. డెల్టా వంటి చోట గస్తీ చేసేవాడికి పనికొచ్చే లెక్క ఈ రెండోదే.

ప్రశ్న: మా వైపు ఒక రేవులో పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసే వేళ, పోలీసు బోటు బురదలో కూర్చుంటుంది, పోటు వస్తే గాని కదలదు. దొంగైనా దొరైనా పోటు చూసుకుని వస్తాడా? నదిలో కాకుండా సముద్రం ఒడ్డునే జెట్టీ కడితే ఈ బాధ ఉండదు కదా?
— ఒక సరంగు, అంతర్వేది పల్లిపాలెం

జవాబు: మీ ఉత్తరంలోని మొదటి భాగానికి కారణం పథకంలోనే ఉంది. మొదటి దశలో దేశానికి 204 బోట్లు ఇచ్చారు గాని వాటిని కట్టుకునే జెట్టీలను ఇవ్వలేదు; 60 జెట్టీలు మంజూరైంది రెండో దశలో. అప్పటిదాకా పన్నెండు టన్నుల బోటును, అయిదు టన్నుల బోటును చేపల రేవులో ఎక్కడ సందు దొరికితే అక్కడ కట్టుకోవలసి వచ్చింది. రేవు చూసుకున్నాక బోటు కొనడం మీ పల్లెలో ఎవరైనా చేసే పని. ఇక్కడ అది తిరగబడింది.

రెండో భాగం గురించి మాత్రం మీతో ఏకీభవించలేను. గోదావరి ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు లేనిది. కెరటం విరిగే గీత దాటి, బోటు నిలకడగా ఆగేంత నీరు ఉన్న చోటికి జెట్టీని లాగాలంటే అది ఒక పొడవాటి వంతెన అవుతుంది. అక్కడిదాకా వెళ్ళినా, నైరుతి రుతుపవనాల నెలల్లో కెరటాలు బోటును జెట్టీకేసి కొడుతూనే ఉంటాయి. ఆ దెబ్బ తగ్గాలంటే రాతి కట్టలతో బ్రేక్‌వాటర్ కట్టాలి. కట్టగానే ఇసుక నడక ఆగుతుంది. మన తీరం వెంట ఏడాది మొత్తం మీద లెక్క వేస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది; గోదావరి తెచ్చిన ఇసుకతోనే కాకినాడ ముందు హోప్ ఐలాండ్ ఉత్తరంగా సాగుతూ గత రెండు శతాబ్దాల్లో ఏర్పడింది. అడ్డంగా కట్ట వేస్తే దక్షిణం వైపు మేట పడుతుంది, ఉత్తరం వైపు ఊళ్ళు కోతకు గురవుతాయి. విశాఖలో ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్ల దగ్గర ఆగే ఇసుకను తవ్వి బీచికి మళ్ళీ పోస్తుండటం అందుకే. పోర్టుకు ఆ ఖర్చు భరించే ఆదాయం ఉంది, గస్తీ జెట్టీకి లేదు. డెల్టాలో సముద్రం మీదికే రేవు పెట్టుకోగలిగిన చోటు కాకినాడ ఒక్కటే, అదీ హోప్ ఐలాండ్ అడ్డుగా నిలబడింది కాబట్టి.

అందువల్ల అంతర్వేది దగ్గర వశిష్ఠలో గాని, ఓడలరేవు దగ్గర వైనతేయలో గాని, భైరవపాలెం దగ్గర గౌతమిలో గాని నది లోపలికే రావాలి. వచ్చినప్పుడు ఎదురయ్యేవి రెండు. మొదటిది ఒడ్డు దగ్గరి మేట. రెండోది మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు.

మేట సంగతి చాలా వరకు స్థలం ఎంపికలో తేలిపోతుంది. ఏరు వంపు తిరిగే చోట ఒక ఒడ్డు కోసుకుపోతుంది, ఎదుటి ఒడ్డున మేట వేస్తుంది. లోతైన నీరు ఎప్పుడూ కోత ఒడ్డును ఆనుకుని పోతుంది. అయితే కోత ఒడ్డున ఎవరిదో కొబ్బరితోట ఉంటుంది. ప్రభుత్వ భూమి కొత్తగా మేట వేసిన వైపు సులువుగా దొరుకుతుంది. రెవెన్యూ కాగితాలకు అనువైన స్థలంలో జెట్టీ కడితే, మూడో వరద నాటికి దాని కింద గడ్డి మొలుస్తుంది. భూసేకరణకు ఖర్చయినా, ఒడ్డుకు రాతి కట్టుబడి వేయవలసి వచ్చినా కోత ఒడ్డునే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ప్రతి ఏడూ పూడిక తీయించడం కంటే అది చవక.

పోటు, పాటుల మధ్య తేడా మన వైపు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఒకటి, ఒకటిన్నర మీటరు ఉంటుంది. గుజరాత్ కయ్యలతో పోలిస్తే ఇది తక్కువే గాని, గస్తీ బోటు మునిగే లోతే మీటరుకు అటూ ఇటూ కాబట్టి అన్ని తంటాలూ ఈ తేడాతోనే. లోతు లెక్క ఎప్పుడూ ఏడాదిలో అతి తక్కువ పాటు నీటి మట్టం నుంచి వేయాలి. సర్వే పోటు వేళ చేసి, మట్టం సరిచేయకుండా నివేదికలో రాస్తే కాగితం మీద రెండున్నర మీటర్లు, పాటు వేళ బురద.

ఇంకో చిక్కు ఎత్తు. వరదకూ ఉప్పెనకూ మునగకుండా కాంక్రీటు జెట్టీ పైభాగాన్ని ఎత్తులో పెడతారు. పాటు వేళ చూస్తే బోటు డెక్కు దానికి మనిషి ఎత్తు కంటే కిందనే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు, నాచు పట్టిన ఇనుప నిచ్చెన మీద, లైఫ్‌జాకెట్ వేసుకుని, చేతిలో వైర్‌లెస్ సెట్టుతో కానిస్టేబులు దిగడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. దీనికి సరైన పరిష్కారం తేలే పాంటూన్. ఒడ్డున స్థిరమైన చిన్న వేదిక, అక్కడి నుంచి ఇరుసు మీద వంగే నడకదారి, చివర నీటితో పాటు లేచి దిగే తేలే వేదిక. పాంటూను కొట్టుకుపోకుండా నీటిలో పాతిన గైడ్ పైల్స్ అనే పొడవాటి స్తంభాల చుట్టూ దాని కడియాలు జారుతుంటాయి. ఈ పైల్స్ ఎత్తు దగ్గర కక్కుర్తి పడకూడదు. ఉప్పెన వచ్చినప్పుడు నీటి మట్టం పైల్ తల దాటితే కడియం ఊడి, పాంటూను బోట్లతో సహా ఊళ్ళోకి వస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ మొగల దగ్గర నీటిని ఎక్కడిదాకా తెచ్చిందో పెద్దలనడిగి, ఆ గుర్తుకు పైన ఇంకొంత వేసుకుని పైల్ తల నిర్ణయించాలి.

ఇక మొగ. దానికి శాశ్వతమైన మందు లేదు. వరదలో నది ఇసుకను బయటికి తోస్తుంది, సముద్రం దాన్ని తిరిగి తోస్తుంది, రెండూ సమానమైన చోట తిప్ప కడుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి, 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. అలాంటి వరద తరవాత బోటు దారి ముందున్న చోట ఉంటుందని ఎవరూ చెప్పలేరు. డ్రెడ్జర్‌తో తవ్విన దారి తరవాతి వరద దాకా ఉంటే గొప్ప. అందుకని నేను తవ్వకం కంటే కొలతకు డబ్బు పెట్టమంటాను. వరద తగ్గాక అక్టోబరులో ఒకసారి, నైరుతి మొదలవకముందు మే నెలలో ఒకసారి మొగలో లోతులు కొలిచి, దారి అంచుల్లో బోయాలు, అంటే నీటి మీద తేలే గుర్తులు, మార్చి, ఒడ్డున రెండు ఎత్తైన కర్రలు ఒకే వరుసలో కనిపించేలా పాతితే సరంగుకు దారి తెలుస్తుంది. బోయాల విషయంలో మన దేశం పాటించే పద్ధతిలో సముద్రం నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఎర్రది ఎడమన, పచ్చది కుడిన ఉంటాయి. మీ పల్లెలో ఎవరైనా వలకు ఎర్ర డ్రమ్ము తేలగట్టి మొగలో వదిలేస్తుంటే దయచేసి ఆపించండి.

పాటు నీరు బయటికి లాగుతున్నప్పుడు ఎదురుగా కెరటం వస్తే మొగలో నీరు నిట్టనిలువుగా లేస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఆ వేళల్లో ఎంత మంచి జెట్టీ కట్టినా లోపలి బోటు బయటికి పోలేదు. కాబట్టి ఒకే రేవు మీద ఆధారపడకుండా, పెద్ద బోటు నదిలో ఉంటే, రబ్బరు అంచుల చిన్న బోటు ఒకటి ట్రాలీ మీద, ఇసుక మీదికి దింపే ర్యాంపుతో సముద్రం వైపున ఉండాలి. ఈ ర్యాంపుకు పెద్ద ఖర్చు కూడా లేదు. ఎందుకో దీని మీద ఎవరికీ ఆసక్తి కలగదు. ప్రారంభోత్సవానికి రాయి వేయించుకునేంత పెద్దది కాకపోవడం ఒక కారణం కావచ్చు.

ప్రశ్న: డెల్టా బురదలో జెట్టీ పునాది ఎలా నిలుస్తుంది? సముద్రపు నీటిలో కాంక్రీటు ఎన్నాళ్ళు ఉంటుంది? మా పాఠ్యపుస్తకంలో దీనికి ఒక్క పేజీయే ఉంది.
— సివిల్ డిప్లొమా విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఆ ఒక్క పేజీకి తోడు భారతీయ ప్రమాణాల్లో రేవుల రూపకల్పనకు సంబంధించిన ఐఎస్ 4651, పైల్స్‌కు సంబంధించిన ఐఎస్ 2911, కాంక్రీటుకు ఐఎస్ 456 చదవమ్మా.

డెల్టాలో పైన ఉండేది మెత్తటి సముద్రపు బంకమన్ను. బరువు వేస్తే కుంగుతుంది, పక్కకు జారుతుంది. అందుకని జెట్టీ బరువును పైల్స్ ఈ పొరను దాటించి కింది గట్టి ఇసుక పొరకు గాని గట్టి బంకకు గాని చేర్చాలి. రాతి పొర దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు; ఇక్కడ పైల్ చాలా భాగం తన ఒంటిని పట్టుకున్న మట్టి రాపిడితో నిలబడుతుంది. ఒక ఉచ్చు ఉంది. జెట్టీ వెనక స్టేషను కోసం, రోడ్డు కోసం మట్టి పోసి ఎత్తు చేస్తే కింది బంక నెమ్మదిగా కుంగుతూ పైల్‌ను పైకి ఆపడానికి బదులు కిందికి లాగుతుంది. మట్టి ముందే పోసి, కుంగనిచ్చి, ఆ తరవాత పైల్స్ వేయడం దీనికి విరుగుడు. గడువు తరుముకొస్తున్న కాంట్రాక్టులో ఆ ఆగడమే జరగదు.

పైల్ గుంత కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి ద్రావణం వాడతారు. ఉప్పునీటితో కలిపితే బెంటొనైట్ విరిగి ముద్దలవుతుంది, గోడను పట్టదు. కాబట్టి మంచినీరు కావాలి, లేదా పై పొరల వరకు ఇనుప గొట్టం దింపి వదిలేయాలి. ఆ గొట్టం నీటి మట్టం దగ్గర కాంక్రీటుకు కొన్నేళ్ళు తొడుగుగా కూడా పనికొస్తుంది.

కాంక్రీటు పాడయ్యేది నీటి అడుగున కాదని గుర్తుపెట్టుకో. ఎప్పుడూ మునిగి ఉండే భాగానికి ఆక్సిజన్ అందదు, లోపలి ఇనుము త్వరగా తుప్పు పట్టదు. పోటుకు తడిసి పాటుకు ఆరే మధ్య భాగంలో ప్రతి తడుపుకూ కొంచెం ఉప్పు లోపలికి పోతుంది, ఆరినప్పుడు నీరు పోయి ఉప్పు ఉండిపోతుంది. పాత జెట్టీ దగ్గరికి పాటు వేళ వెళ్ళి చూస్తే పైల్ మీద సరిగ్గా ఆ నడిమి పట్టీలోనే తుప్పు చారలు, విచ్చిన పగుళ్ళు, ఊడిపోయిన పెచ్చుల వెనక కమ్మీ కనిపిస్తాయి. దాని కింద గుల్లలు పట్టిన భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఐఎస్ 456 కూడా పోటు పాటుల మధ్య భాగాన్నే అతి తీవ్రమైన వర్గంలో పెట్టి, కనీసం ఎం40 (బలాన్ని చెప్పే గ్రేడు) కాంక్రీటు, 0.40కి మించని నీరు–సిమెంటు నిష్పత్తి, కమ్మీ మీద 75 మిల్లీమీటర్ల కవర్, అంటే కాంక్రీటు మందం, అడుగుతుంది. స్లాగ్ సిమెంటు, పొజొలానా సిమెంటు సముద్రపు నీటికి మేలు.

కవర్ 75 అని డ్రాయింగులో రాస్తే సరిపోదు. కంకర రాళ్ళో ఇటుక ముక్కలో ఎడం పెట్టి పోత పోస్తే కమ్మీ ఒక వైపుకు జరిగి 30 మిల్లీమీటర్లే మిగులుతుంది, ఆ వైపు నుంచే తుప్పు మొదలవుతుంది. అదే నాణ్యత కాంక్రీటుతో చేసిన కవర్ బ్లాకులు వాడాలి.

కాలం ఎంపిక డెల్టాలో అన్నిటికంటే గమ్మత్తైన లెక్క. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. రేవు ఖాళీగా ఉంటుంది, ఎవరి పనికీ అడ్డం రాకుండా పైలింగు చేసుకోవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. తీరపు ఊళ్ళలో బోరు నీరు ఉప్పు. కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. సముద్రపు నీటిలో ఉండేది దాదాపు 19,000. ట్యాంకర్లకు ముందే లెక్క వేసుకోని కాంట్రాక్టరు చివరికి పక్కనున్న ఏటి నీటినే పట్టి, పోసిన కాంక్రీటును తడిపే క్యూరింగు చేయిస్తాడు, అంటే చేతులారా ఉప్పు ఎక్కిస్తాడు. కాలువలు కట్టేయకముందే చెరువు నింపుకోవడమో, మంచినీరు నిల్వ చేసుకోవడమో పని ప్రణాళికలో మొదటి పుటలో ఉండాలి.

గాలి విషయానికి వస్తే, మన తీరానికి ప్రమాణం ప్రకారం తీసుకోవలసిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను వెళ్ళిన మర్నాడు పని చేయవలసిన కట్టడాలకు దానిపై 1.30 గుణకం వేయాలి. మెరైన్ స్టేషను, దాని వైర్‌లెస్ స్తంభం, ఇంధన ట్యాంకు ఈ కోవలోకే వస్తాయి. తుపాను మర్నాడు వెతకడానికి వెళ్ళేది ఆ బోట్లే.

ప్రశ్న: జెట్టీ కోసం మడ అడవి కొట్టేస్తారా? మేము పుల్ల విరిస్తే కేసు పెడతారు.
— ఒక పాఠకురాలు, భైరవపాలెం

జవాబు: అమ్మా, చట్టం అందరికీ ఒకటే గాని రక్షణ అవసరాలకు అందులో ఒక తలుపు ఉంది. 2019 నాటి తీర నియంత్రణ ప్రకటన మడ అడవులను అత్యంత కఠినమైన మండలంలో పెట్టింది. రక్షణ, వ్యూహాత్మక, ప్రజోపయోగ పనులకు మాత్రం, అదీ ప్రత్యేక సందర్భాల్లో, పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయించి, కేంద్రం అనుమతి తీసుకుని స్తంభాల మీద రోడ్డు వేసుకోనిచ్చింది. నరికిన మడకు కనీసం మూడు రెట్లు విస్తీర్ణంలో మళ్ళీ నాటాలి. మీ పక్కనే ఉన్న కోరంగి 1978 నుంచి అభయారణ్యం కాబట్టి, దాని సరిహద్దు లోపల అయితే వన్యప్రాణి చట్టం కింద అనుమతి కూడా వేరే కావాలి.

నా మాట అడిగితే, మడ ఉన్న ఒడ్డున జెట్టీ కట్టడం ఇంజనీరింగు పరంగా కూడా తప్పే. మడ వేళ్ళు బురదను పట్టి ఉంచుతాయి. నరికిన చోట ఒడ్డు జారి, ఆ బురద జెట్టీ ముందుకే వస్తుంది. పైగా తుపాను వార్త రాగానే మీ ఊళ్ళో బోట్లను ఎక్కడికి తీసుకుపోతారు? మడ మధ్య ఉన్న సన్న పాయల్లోకే కదా. గస్తీ బోట్లకు కూడా తలదాచుకునే చోటు అదే. అక్కడ ముందుగా నాలుగు గట్టి లంగరు దిమ్మలు వేసి ఉంచితే చాలు, అడవిని ముట్టనక్కరలేదు. మూడు రెట్లు నాటడం గురించి కొంచెం అనుమానంగా చూడండి. పోటు నీరు అందని ఇసుక దిబ్బ మీద నాటిన మొక్క లెక్కకు వస్తుంది, బతకదు.

ప్రశ్న: వేటకు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపి కాగితాలు చూస్తున్నారు. మాకు దీని వల్ల లాభమేమిటి?
— మత్స్యకార సంఘం సభ్యుడు, బలుసుతిప్ప

జవాబు: విసుగు న్యాయమైనదే. బోటు రిజిస్ట్రేషను పత్రం, సిబ్బంది గుర్తింపు కార్డులు తడవని సంచిలో దగ్గర ఉంటే తనిఖీ త్వరగా ముగుస్తుంది. లాభం మాటకొస్తే, సముద్రంలో కొత్త బోటును మొదట చూసేది మీరే. అనుమానం వస్తే మెరైన్ పోలీసుకు 1093, ఆపదలో ఉంటే కోస్ట్‌గార్డ్‌కు 1554. ఇస్రో సాంకేతికతతో లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా అమర్చే పథకాన్ని కేంద్రం 364 కోట్లతో చేపట్టింది. ఫోను సిగ్నలు లేని చోట కూడా దాని ద్వారా ఆపద కబురు పంపవచ్చు, తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. ఎక్కడ వేటాడుతున్నామో అందరికీ తెలిసిపోతుందని కొందరు దాన్ని ఆపి పెడుతున్నారని విన్నాను. గాలివాన రోజున మాత్రం అలా చేయకండి.

దీంతో ముడిపడిన ఒక కోరిక మీ సంఘం తరఫున పెట్టవచ్చు. జెట్టీని పోలీసుకు విడిగా, చేపల రేవుకు విడిగా కట్టే బదులు పక్కపక్కన కడితే, పూడిక తీసిన దారి, బోయాలు, దీపాలు, మంచినీటి గొట్టం రెండిటికీ పనికొస్తాయి. పోలీసు వైపు కంచె వేసుకుంటారు, వేసుకోనివ్వండి. నీటిలో దారి మాత్రం ఒకటే ఉంటుంది కాబట్టి దాన్ని బాగు చేయించమని అడిగే గొంతులు రెండవుతాయి.

ప్రశ్న: మా దగ్గర ప్రభుత్వ కట్టడాలన్నీ ప్రారంభమైన అయిదేళ్ళకు శిథిలమవుతాయి. ఈ జెట్టీలు ఎందుకు భిన్నంగా ఉంటాయి? పంచాయతీ వాళ్ళం ఏమి అడగాలి?
— ఒక మాజీ వార్డు సభ్యుడు, నరసాపురం

జవాబు: భిన్నంగా ఉంటాయని హామీ ఇవ్వలేను. పోలీసు బోట్లు డీజిలు లేక, నడిపే మనిషి లేక, మరమ్మతు కాక రేవుల్లో పడి ఉన్న సంగతిని కాగ్ నివేదికలు ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల విషయంలో రాశాయి. కట్టడానికి కేంద్రం డబ్బు ఇస్తుంది, నడపడం రాష్ట్రం వంతు. చిక్కు అక్కడ పడుతుంది. ఠాణాలో పనిచేసిన కానిస్టేబులును బదిలీ చేసి బోటెక్కిస్తే అతనికి మొదటి వారం వాంతులే సరిపోతాయి. తీర పోలీసుల శిక్షణకు గుజరాత్‌లోని ఓఖాలో 2018లో జాతీయ అకాడమీ పెట్టారు. అక్కడికి పంపిన మనిషిని తిరిగొచ్చాక రెండేళ్ళయినా రేవులో ఉంచాలి. సరంగులుగా, ఇంజను డ్రైవర్లుగా మత్స్యకార యువకులను తీసుకోవడం ఇంకా మేలు.

కట్టడం వరకు మీరు అడగవలసినవి చెబుతాను. లోతుల సర్వే ఏ నెలలో, పోటులోనా పాటులోనా జరిగిందో అడగండి. వరదకు ముందు చేసిన సర్వేతో వరద తరవాత పని మొదలుపెడుతుంటే అభ్యంతరం చెప్పండి. బోటును నీటి నుంచి పైకి లాగే ర్యాంపు అంచనాలో ఉందో లేదో చూడండి. అది లేకపోతే అడుగున పట్టిన గుల్లలు గీకించడానికి బోటును కాకినాడ తీసుకుపోవాలి, కాబట్టి గీకించరు. ఇంధనం నింపే చోట చమురు ఏటిలోకి జారకుండా చుట్టూ గట్టు ఉండాలి. వరదలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, దుంగలు పైల్స్ మధ్య చిక్కుకుని జెట్టీ మీద ఒత్తిడి పెంచుతాయి. వాటర్‌జెట్ బోటు అయితే ఆ డెక్క నీళ్ళు పీల్చే చోట అడ్డుపడి ఇంజను ఆగుతుంది. ఎగువన ఏటవాలుగా ఒక తేలే అడ్డుకట్ట గొలుసు వేస్తే చాలా వరకు పక్కకు పోతుంది, దాన్ని అంచనాలో చేర్చమనండి. ఫెండర్లుగా, అంటే బోటు జెట్టీకి కొట్టుకోకుండా అడ్డుగా, పాత లారీ టైర్లు కట్టినా తప్పు లేదు, మూడేళ్ళకోసారి మారిస్తే.

చివరగా, అంచనా పత్రంలో నిర్వహణ ఖాతా కింద ఏటా ఎంత, ఎన్నేళ్ళు, ఏ శాఖ నుంచి అని మూడు అంకెలు ఉండాలి. అవి లేకుండా శంకుస్థాపనకు పిలిస్తే, పంచాయతీ తీర్మానంలో ఆ మూడూ రాయించాకే వెళ్ళండి.